జనానా పర్దా తాడు నా చేతిల ఉన్నప్పుడు

నేను నాలుగో తరగతి దాకనే చదివిన. అది గూడ పూర్తిగ కాదు, నడుమల మా తమ్ముడు పుట్టిండని ఇంట్ల ఉంచుకున్నరు. రాసుడు నాకు ఇప్పటికి అలవాటు లేదు. మా కోడలు, "అత్తమ్మా, అందరికి చెప్తుంటవ్ గద, గట్లనే మాట్లాడినట్టు రాయి" అన్నది. మాట్లాడేటప్పుడైతె ఎదుటోళ్ల మొఖం చూస్తె తెలుస్తది, నవ్వుతున్నరా, లేచిపోదామని చూస్తున్నరా అని. కాగితానికి మొఖం లేదాయె. అందుకే నాకింత గాబరా. తప్పులుంటె ఏమనుకోకుండ్రి.

నాకు సినిమాల పిచ్చి. అందరికుంటది, గని నాది వేరే తీరు. దయ్యాల సినిమాలు కావాలె నాకు. లేకపోతె ఖూనీల సినిమాలు, ఎవడు చంపిండో ఆఖరి దాక తెల్వనియ్యనియి. ఇగ ఇంకో తీరుయి ఉంటయి, కూలోళ్లను, పేదోళ్లను పెద్దోళ్లు ఎట్ల పీక్కతింటరో చూపెట్టేటియి. మా బస్తీల వాటిని ఏడుపు సినిమాలంటుండె. అవి చూస్తె నాకు ఏడుపు కంటె కోపం ఎక్కువొచ్చేది. ఇంటికొచ్చి గిన్నెలు తోముతుంటె దబ దబ చప్పుడయ్యేది. పాటలు మాత్రం నాకు పడవు. ఆడ పీనుగు లేవలే, ఖూనీ చేసినోడు దొరకలే, వీళ్లిద్దరు చెట్ల ఎంబడి ఉరుకుతుంటరు. ఏం మనుషులో!

ఈ పిచ్చి మా బాపు అంటించిందే. నా చిన్నప్పుడు దేవుని సినిమా అనుకొని నన్ను దయ్యం సినిమాకు తీస్కపోయిండు. పోస్టర్ మీద జుట్టు ఇరబోసుకున్న ఆమెను చూసి అమ్మవారనుకున్నడు పాపం, బయట చెప్పులిడిసి మొక్కి మరీ లోపలికొచ్చిండు. సగంల కండ్లు గట్టిగ మూసుకున్నడు. నేను చెవుల చెప్తున్న, "బాపూ, బాయిలకెల్లి చెయ్యొచ్చింది. బాపూ, చేతికి గాజులున్నయి" అని. "చెప్పకే, నీ కాళ్లు మొక్కుత" అన్నడు. ఇంటికి పోయినంక నేను మంచిగ అన్నం తిన్న. బాపు చాన దినాలు బాయి కాడికి ఒక్కడు పోలే.

పెండ్లయినంక కిషన్‌బాగ్‌కు వచ్చిన. మా ఆయన ఫలక్‌నుమా దిక్కు ఇనుప పెట్టెల కార్ఖానల పనిచేస్తుండె. సినిమాకు తీస్కపోతడు, గని టైటిల్స్ పడంగనే నిద్రపోతడు. ఇంటర్వెల్‌ల లేపితె, "అయిపోయిందా, పా పోదాం" అంటడు. మా అత్తకు నా సంగతి అసలే నచ్చకపోయేది. "లక్షణంగ సీతమ్మవో, పార్వతమ్మవో చూడరాదే? పొద్దుగూకితె దయ్యాల కథలు. ఇంట్ల దీపం పెట్టే కోడలివా, దీపం ఆర్పే కోడలివా?" అంటుండె. ఆమెకు భయం. భయమని ఒప్పుకోకపోయేది, భక్తి అనేది.

పురానాపూల్ దిక్కు అప్పుడొక టాకీసుండె. పాతది, రేకుల కప్పు. ఆడోళ్లకు ఎన్కకు అరుగు తీరు ఎత్తు మీద వేరే జాగ, జనానా అనేటోళ్లు. దానికి ముంగట ఈ గోడ నుంచి ఆ గోడ దాక మందం పచ్చ పర్దా. లైట్లున్నంత సేపు పర్దా మూసి ఉండాలె, కింద కూసున్న మొగోళ్లకు ఆడోళ్లు కనవడొద్దు. లైట్లు ఆరి బొమ్మ మొదలైనంక తాడు గుంజి తెరవాలె. ఇంటర్వెల్‌కు లైట్లెయ్యక ముందు పైనుంచి ఆపరేటర్ గంట కొడ్తడు. గంట ఇనంగనే పర్దా మూసెయ్యాలె. ఆ పని చేసే ముసలామె మోకాళ్లు పోయి మానేసింది. మేనేజర్ సాబ్ నన్ను చూసి, "నువ్వెట్లాగు రోజు ఈడనే ఉంటవ్, నౌకరీ చేస్కోరాదు" అన్నడు. ఆయన నవ్వులాటకన్నడు. నేను నిజంగనే మర్నాడు పోయి తాడు పట్టుకున్న.

సినిమా చూస్తె జీతం! మా అత్త నమ్మలే. "తాడు గుంజుడు గూడ నౌకరేనా? బాయి కాడ రోజు గుంజుతనే ఉన్న, నాకెవ్వడిచ్చిండు?" అన్నది.

జనానాల లోకమే వేరు. పర్దా ఎనుక మేమే రాణులం. బుర్ఖాలోళ్లు మొఖం మీది నఖాబ్ నెత్తి మీదికేసుకునేటోళ్లు. మావోళ్లు కొంగులు జారేసి, కాళ్లు ముంగటి కుర్చీ మీద పెట్టి, ఒళ్లె పల్లీల పొట్లం పెట్టుకుని కూసునేటోళ్లు. పిల్లలకు పాలిచ్చేటోళ్లు పాలిస్తుండ్రి, పేన్లు చూసేటోళ్లు చూస్తుండ్రి. రోజు వచ్చేటోళ్లల్ల ఒక ముసలామె ఉండె, అందరం ఖాలా అనేటోళ్లం, చిన్నమ్మ అన్నట్టు. ఒంటి పన్ను, నోట్లె ఎప్పుడు పాన్. దయ్యం రాకముందే ఒర్రేది. "యా అల్లా" అన్నదంటె దయ్యం ఇంక రెండు నిమిషాలల్ల ఉన్నదన్నట్టు లెక్క.

మొదట్ల అంత మంచిగనే నడిచింది. ఒకరోజు మాట్నీల కొత్త దయ్యం సినిమా వడ్డది. పాత బంగ్లా, ఖాళీ ఊయల, ఊగుతనే ఉన్నది. హీరో మెల్లగ తలుపు తెరుస్తున్నడు. నేను తాడు పట్టుకొని నోరు తెరిచి నిలవడ్డ. అప్పుడు గంట గణగణమన్నది. బంగ్లాలనే గంట మోగింది, దయ్యం వస్తున్నది అనుకున్న. మల్ల మోగింది. ఇంకా దగ్గరికొచ్చింది దయ్యం అనుకున్న.

దెబ్బున లైట్లచ్చినయి.

పర్దా పూర్తిగ తెరిచే ఉన్నది. కాళ్లు కుర్చీల మీద, నఖాబులు నెత్తి మీద, పేన్లు గోర్ల మీద. కింద మొగోళ్లు అందరు ఎన్కకే మొఖం పెట్టి ఉన్నరు, బొమ్మ చూడ భయమై చానామంది ముందుగాలనే ఎన్కకు తిరిగిండ్రు. వాళ్లు మమ్ముల చూసిండ్రు, మేం వాళ్లను చూసినం. పల్లీ నమిలే చప్పుడు గూడ ఆగింది.

అప్పుడు కింద నడిమి లైన్ల ఒక మనిషి లేచిండు. పురానాపూల్ల బర్రెలు పెట్టుకొని పాలమ్మేటాయన. ఇంతింత మీసాలు, పహిల్వాన్ తీరు. ఆయన కండ్లు పోయి పోయి మా మూడో లైన్ల ఆగినయి. ఆడ వాళ్లింటామె కూసున్నది.

"ఏందే! ఫలక్‌నుమాల మీ అమ్మ తాన్కి పోతన్నవ్ గదనే?"

పాలామె ఒక్క నిమిషం గూడ తడుముకోలే. "నువ్వు బర్రెకు పానం మంచిగలేదు, డాక్టర్ తాన్కి తీస్కపోతన్నవ్ గద? యాడున్నది బర్రె? నీ పక్క సీట్లనా?"

ఆయన పక్క సీట్ల కూసున్నాయన గబగబ లేచి వేరే లైన్లకు పోయిండు. టాకీసంత ఘొల్లుమన్నది. నాకు అప్పుడు యాదికొచ్చింది తాడు. గుంజిన, గని తొందరల పర్దా నడుమల ఇరుక్కున్నది.

ఆ లొల్లి చెప్పతరం గాదు. పాలాయన మేనేజర్ రూంల బల్ల గుద్దిండు. "ఇది జనానానా బజారా? మా ఇంటి ఆడోళ్లను తమాషాకు కూసోబెట్టినవా?" బర్రె సంగతి మాత్రం ఎత్తలే. మేనేజర్ సాబ్ నన్ను పిలిచి, "దేఖో, నీకిది ఆఖరి మోఖా. ఇంకోసారి పర్దా తప్పితె నౌకరీ లేదు. ఇగనుంచి బొమ్మకు వీపు పెట్టి కూసో, ఆడోళ్ల దిక్కు చూడు. బొమ్మ దిక్కు తిరిగితె ఇంటికి పో" అన్నడు. పాలాయన ఒక షరతు పెట్టిండు, ప్రతి కొత్త సినిమాకు తానే వచ్చి ఇంటర్వెల్‌ల పర్దా టైముకు పడుతుందా లేదా చూస్తనని. ఇగ పహారా ఒకటి.

ఇది చాలదన్నట్టు జనానా ఖాళీ అయింది. మొగోళ్లు ఇండ్లల్ల ఆడోళ్లను పంపుడు బంద్ చేసిండ్రు. ఖాలా, ఇంకో నలుగురైదుగురు, అంతే. మేనేజర్ సాబ్ ఖాళీ కుర్చీలు చూసి, "జనానా నిండకపోతె పర్దా పీకేసి ఫ్యామిలీ సీట్లేస్త. పర్దా లేకుంటె పర్దా గుంజేటామె ఎందుకు?" అన్నడు. నాకు నిద్రవట్టలే. ఆ తాడు పోతె నేను మల్ల మా ఆయన పక్కన, గురక ఇనుకుంట ఎప్పుడో ఒక సినిమా చూడాలె. మా అత్తకు మాత్రం సంబురమయింది. "మంచిదే, ఇంట్ల ఉండి పచ్చడి పెట్టు" అన్నది.

తరువాతి వారం ఖూనీ సినిమా. పెద్ద ఇంట్ల ఒక్కొక్కరినే ఎవడో చంపుతుంటడు. నేను ముక్కాలి పీట మీద, బొమ్మకు వీపు పెట్టి కూసున్న. ఎనుక నుంచి చప్పుళ్లు, ముంగట ఆడోళ్ల మొఖాలు. మొదట ఏడుపొచ్చింది. జర సేపటికి తెలిసింది, మొఖాల మీద గూడ సినిమా నడుస్తదని. పల్లీలు నోటి దాక పోయి ఆగినయంటె ఎవడో మెట్లెక్కుతున్నడు. పిల్లగాని కండ్లు మూసిండ్రంటె కత్తి తీసిండు. కండ్లు మూసిన చేతి ఏళ్ల సందులకెల్లి వాళ్లే చూస్తున్నరంటె పొడిచిండు.

అప్పుడే ఖాలా ఒర్రింది, "పర్దా గిరావ్! బేటీ, పర్దా గిరావ్! నా గుండె ఆగుతది!"

ముసలి పానం, నిజంగనే ఏమన్న అయితదని నేను తాడు గుంజిన. పర్దా సర్రున వడ్డది. ఎంటనే ఎన్క లైన్లకెల్లి ఒకామె లేచింది. "ఏందమ్మా! ఎవడు చంపిండో ఇప్పుడే తెలుస్తుండె! తియ్యి!"

"తియ్యకు!" అంటది ఖాలా.

"తియ్యి! టికెట్ కొన్నది పర్దా చూసెటందుకా?"

"గంత ధైర్యముంటె పోయి పోలీసుల చేరు!"

ఇద్దరు తాడు కాడికే వచ్చిండ్రు. నేను నడుమల. అప్పుడు పర్దా సగం గుంజి ఆపిన. కుడి దిక్కు మూసింది, ఎడమ దిక్కు తెరిచింది. "భయమున్నోళ్లు ఈ దిక్కు, లేనోళ్లు ఆ దిక్కు. కొట్లాడకుండ్రి, నా నౌకరీ పోతది" అన్న. అందరు గొణుక్కుంట లేచి కుర్చీలు మారిండ్రు. గంట కొట్టంగనే పర్దా పూర్తిగ మూసిన. కింద పాలాయన మెడ సాపి చూసి, తలకాయ ఊపి కూసున్నడు.

నేనేమో కొట్లాట ఆపెటందుకు చేసిన. అది బస్తీ బస్తీ పాకింది. ఆ టాకీసుల కత్తి తీస్తె పర్దా వేస్తరంట, భయమైతె కుడి దిక్కు కూసోవచ్చంట అని. భయానికి ఎన్నడు అసుంటి సినిమాలు చూడనోళ్లు వచ్చుడు షురూ చేసిండ్రు. మొగోళ్లు గూడ, "పర్దా మంచిగ పడుతున్నదంట, పాలాయన సొంతంగ చూస్తున్నడు" అని పంపుడు మొదలువెట్టిండ్రు. పాలామె గూడ వచ్చింది, చెప్పే వచ్చింది. రాంగనే ఎడమ దిక్కు, అందరికంటె ముంగట కూసున్నది. కుడి దిక్కోళ్లు పర్దా పడంగనే ఎడమ దిక్కోళ్లను అడుగుతుండ్రి, "ఏమైంది? చచ్చిండా?" అని. పర్దాకు ఒక చిన్న బొక్క గూడ పడ్డది. ఎవరు చేసిండ్రో తెల్వది. ఖాలా సీటు కాడ్నే ఉండె ఆ బొక్క.

ఒకరోజు జనానా తలుపు కాడ టికెట్లు చింపుతున్న, ఆ పని గూడ నాకే పడ్డది. ముంగటికొచ్చిన చెయ్యి మా అత్తది.

"ఏందత్తా, ఇది దయ్యం సినిమా."

"నీ మీద కన్నేసెటందుకు వచ్చిన. చింపు."

కుడి దిక్కు కూసున్నది. వారం తిరగక ముందే నడుమ కుర్చీకి జరిగింది. తరువాత సినిమాకు ఎడమ దిక్కు, పాలామె పక్కన. మా అత్త, "దయ్యం మంచిగలేదు, మొన్నటిదే నయం" అంటుంటె నా చెవులతోని ఇన్న.

గిట్ల జనానా నిండుతుండంగ మూడో తీరు సినిమా వడ్డది. దయ్యం లేదు, ఖూనీ లేదు, పాటలు గూడ లేవు. ఇటుక బట్టీల కూలోళ్ల కథ. మేనేజర్ సాబ్ ముందే చెప్పిండు, "ఈ బొమ్మ నడవది. నువ్వు మాత్రం పైలం. ఈ వారం ఒక్క తప్పు గూడ ఒద్దు, పాలాయన పహారాకు వస్తున్నడు."

వచ్చిండు. నడిమి లైన్ల కూసున్నడు. నేను పీటెక్కి బొమ్మకు వీపు పెట్టిన.

మొఖాలు చూస్తున్న. ఈసారి ఏం సమజ్ కాలే. పల్లీల పొట్లాలు ఇప్పలే. ఒక్కరు ఒర్రలే, ఒక్కరు కండ్లు మూయలే. పిల్లలకు పాలిచ్చేటోళ్లు పిల్లలను మరిచిండ్రు. ఎనుక నుంచి మేస్త్రి తిట్టుడు ఇనొస్తున్నది, కూలి అడిగిన ఒక ఆడమనిషి బతిమాలుడు ఇనొస్తున్నది. కుడి దిక్కు ఒక కొత్తామె చెయ్యి లేపి, "అక్కా, పర్దా వెయ్యి, చూడలేకపోతున్న" అన్నది. నేను తాడు మీద చెయ్యేసిన.

ఖాలా నా చెయ్యి పట్టుకున్నది. అందరికంటె భయమున్న ఖాలా! "ఉండనియ్ బేటీ. భూత్‌ను నేను ఎన్నడు చూడలే, అందుకే భయం. గిసుంటోన్ని అయితె రోజు చూస్తనే ఉన్న. తెరిచే ఉండనియ్."

ఆ మాటతోని నాకు ఆగలే. మేనేజర్ ఒద్దన్నది, పాలాయన పహారా, అన్ని మరిచిన. బొమ్మ దిక్కు తిరిగిన. మేస్త్రి ఆ కూలామె బిడ్డ చేతిలకెల్లి రొట్టె గుంజుకుంటున్నడు. పిల్ల ఏడుస్తలేదు. రొట్టె పోయిన చెయ్యి గట్లనే పట్టుకొని నిలవడ్డది, రొట్టె ఇంక చేతిలనే ఉన్నట్టు.

గంట మోగిందో లేదో, నాకు తెల్వదు. ఆపరేటర్ కొట్టిన అంటడు. కొట్టే ఉంటడు.

లైట్లచ్చినయి. పర్దా తెరిచే ఉన్నది.

అయిపోయిన, అనుకున్న. తాడు నా కాళ్ల కాడ్నే ఉన్నది, అందుకొనీకి చేతులు లేస్తలేవు. జనానాల ఎవ్వరు నఖాబ్ ఏసుకోలే, ఎవ్వరు కొంగు సదురుకోలే. అందరు ముక్కు చీదుకుంటున్నరు. మా అత్త పాలామె కొంగుతోని కండ్లు తుడుచుకుంటున్నది, పాలామెకు తెల్వది. అప్పుడు నేను భయం భయంగ కింద మొగోళ్ల దిక్కు చూసిన.

వాళ్లు మా దిక్కు చూస్తలేరు. ఒకాయన చొక్కా చేతితోని మొఖం తుడుస్తున్నడు. ఒకాయన చెప్పులు ఎతుకుతున్నట్టు వంగి ఇగ లేస్తలేడు. నడిమి లైన్ల పాలాయన తువ్వాల నోట్లె కుక్కుకున్నడు, పెద్ద పెద్ద భుజాలు ఎగిరెగిరి పడుతున్నయి. మీసాలు పూర్తిగ తడిసి కిందికి వాలినయి. పహారా యాదికొచ్చి ఎన్కకు తిరిగిండు. తిరగంగనే వాళ్లింటామె కండ్లల్ల పడ్డడు.

ఆయన తువ్వాల మొఖానికి అడ్డం పెట్టుకొని ఒర్రిండు, "పర్దా! అమ్మా, జల్ది పర్దా వెయ్యి!"

పాలామె కుర్చీ మీదికెల్లి లేచింది. "ఏందయ్యో, పర్దా మాకా, మీకా? మీ అమ్మ పోయిన నాడు గూడ నీ కంట్ల నీళ్లు చూడలే నేను!"

అంత ఏడుపుల గూడ జనానా నవ్వింది. కింద మొగోళ్లు అందరు కలిసి, "అవునమ్మా, వెయ్యి, వెయ్యి" అంటున్నరు. నేను తాడు గుంజిన. ఈసారి ఎక్కడ ఇరుక్కోలే.

ఆ ఒర్రుడు ఇని మేనేజర్ సాబ్ ఉరికొచ్చిండు. నేను జనానా తలుపు సందులకెల్లి చూస్తున్న. మేనేజర్ పాలాయన ముంగట నిలవడి, "క్యా హువా భాయ్? పర్దా లేటయిందా? ఇయ్యాల్నే తీసేస్త ఆమెను" అన్నడు.

నా నౌకరీ ఆ తడిసిన మీసాల కింద ఉన్నది. జనానా అంత పర్దాకు చెవి పెట్టింది. పాలాయన ఒకసారి పర్దా దిక్కు చూసిండు. పర్దా ఎనుకకెల్లి పాలామె గొంతు సవరించుకున్నది, అంతే.

"లేదు సాబ్" అన్నడు పాలాయన. "పర్దా టైముకే పడ్డది. మంచిగ పడ్డది. మీ టాకీసుల దుమ్మెక్కువున్నది, అది చూసుకోండ్రి. కండ్లల్ల పడుతున్నది."

ఆ ఎనుక లైన్లాయన గూడ, "అవును సాబ్, మస్తు దుమ్ము" అన్నడు. ఇంకో నలుగురు దుమ్ము దుమ్మన్నరు. మేనేజర్ సాబ్ ఏం సమజ్ గాక, ఊడ్చేటామెను పిలవనీకి పోయిండు.

ఆ సినిమా నడవదన్నడు గద, మూడు వారాలు నడిచింది. మేనేజర్ సాబ్ పర్దా పీకే మాట మల్ల ఎత్తలే. నా పీటను మాత్రం నేనే బొమ్మ దిక్కు తిప్పుకున్న, ఆయన చూసి గూడ చూడనట్టు పోయిండు. గంట కోసం చెవి ఒకటి ఎప్పుడు పైకే ఉంచిన.

పాలాయన పహారా మానలే. గని అప్పటికెల్లి కొత్త సినిమా వడ్డప్పుడల్ల, టికెట్ కొనక ముందు జనానా తలుపు కాడికి వచ్చి అటు ఇటు చూసి మెల్లగ అడిగేటోడు.

"అక్కా, ఇది దయ్యాలదా, ఖూనీదా? దుమ్ముదైతె ముందే చెప్పు. గంట కంటె జర ముందుగాలనే పర్దా వెయ్యి."

వేసేదాన్ని.